"సిగ్నల్లోనే కదా చూసింది!" అనే మీ అబ్బాయి గురించి

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. మేం ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో, వాడి ఉద్యోగం బెళ్లందూరులో. కారు చేతికొచ్చి ఏడాదైంది. పక్కన కూర్చుంటే నాకు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టే ఉంటుంది. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో ఫోన్. ఏమన్నా అంటే "సిగ్నల్లోనే కదా చూసింది", "మ్యాప్ చూస్తున్నా", "నాకు కంట్రోల్ ఉందిలేమ్మా" అంటాడు. యాక్సిడెంట్ వీడియోలు పంపితే థంబ్స్ అప్ పెట్టి ఊరుకుంటాడు. వాళ్ల నాన్నతో చెప్పిద్దామంటే ఆయనా అంతే. మంచి బ్లూటూత్ కొనిపెడితే సరిపోతుందా? వాడి ఆలోచన ఎలా మార్చాలి? ఫోన్లో ట్రాకింగ్ యాప్ లాంటిది ఏమైనా పెట్టాలా?

సమాధానం:

అమ్మా, మీవాడు తెలియక చేస్తున్నాడని అనుకుంటే మీ శ్రమంతా వృథా అవుతుంది. ఫోన్ చూస్తూ నడపడం ప్రమాదమని అతనికి మీకంటే బాగా తెలుసు.

నేను ఈ ఊళ్లో డ్రైవింగ్ నేర్పేవాణ్ణి. సొంతూరు మదనపల్లి వైపు, బతుకంతా ఇక్కడే. కంపెనీలు పిలిస్తే వాళ్ల ఉద్యోగులకు రోడ్డు భద్రత మీద క్లాసులు కూడా చెబుతుంటాను. ఆ క్లాసుల్లో ముందు రెండు ప్రశ్నలు అడుగుతా. "బండి నడుపుతూ మెసేజ్ కొట్టడం ప్రమాదమని ఎంతమంది అనుకుంటున్నారు?" చేతులన్నీ లేస్తాయి. "ఈ వారంలో ఆ పని ఎంతమంది చేశారు?" ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, నవ్వుకుంటారు, తర్వాత ఒక్కొక్కటిగా మళ్లీ చాలా చేతులే లేస్తాయి. అక్కణ్ణుంచి "కానీ"లు మొదలు. కానీ నేను సిగ్నల్లోనే చూస్తా సార్. కానీ నేను వాయిస్ మెసేజే పంపుతా. కానీ నేను ఖాళీ రోడ్డు మీదే. కానీ నేను టైప్ చెయ్యను, చదువుతా అంతే. అమ్మాయిలేమీ తక్కువ కాదు, ఈ విషయంలో ఆడా మగా తేడా నాకైతే కనపడలేదు.

ఇంకో తమాషా ఉంది. ఈ పిల్లలే క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చున్నప్పుడు డ్రైవర్ ఫోన్ చూస్తే ఊరుకోరు. "అన్నా, ముందు రోడ్డు చూడు" అంటారు, దిగాక రేటింగ్ కూడా కోసేస్తారు. అంటే ప్రమాదం ఏంటో లెక్క కట్టడం వాళ్లకు వచ్చు. తమ చేతిలో స్టీరింగ్ ఉన్నప్పుడే ఆ లెక్కలో తమను తాము కలుపుకోరు.

అమెరికాలోని కాన్సస్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 348 మంది కుర్ర డ్రైవర్లను ప్రశ్నించి 2011లో ఒక అధ్యయనం అచ్చువేశారు. దానిలో 92 శాతం మంది నడుపుతూ మెసేజ్‌లు చదువుతామని, 81 శాతం మంది జవాబిస్తామని, 70 శాతం మంది తామే ముందు మెసేజ్ మొదలుపెడతామని ఒప్పుకున్నారు. అది ప్రమాదమని తెలిసినవాళ్లే వీళ్లందరూ. ప్రమాదం ఎంతని అనుకుంటున్నారన్నదానికీ, ఆ పని చేస్తారా లేదా అన్నదానికీ పెద్దగా సంబంధమే కనపడలేదు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇంకొకటి. తామే మెసేజ్ మొదలుపెట్టినప్పుడు, వచ్చినదానికి జవాబిచ్చినప్పటి కంటే, రోడ్డు అప్పుడు ఏ ఇబ్బందీ లేకుండా బాగానే ఉందని వాళ్లు చెప్పారు. రోడ్డు బాగుందని చూసుకుని ఫోన్ తీయడం కాదు, ఫోన్ తీశాక రోడ్డు బాగుందని మనసు సర్దిచెప్పుకోవడం. పని ముందు, సమర్థన వెనక.

మీ వీడియోలకు థంబ్స్ అప్ రావడం వెనక ఉన్నది ఇదే. ఆలోచన మారితే అలవాటు మారుతుందని మీరు చూస్తున్నారు. నేను చూసినంతలో ఇది తిరగేసి పనిచేస్తుంది. ఫోన్ చేతికందని చోట కొన్నాళ్లు ఉంటే అలవాటు సడలుతుంది, ఆ తర్వాత పిల్లలే "అవును సార్, అప్పట్లో పిచ్చిపని చేసేవాణ్ణి" అంటారు. కాబట్టి వాదించి గెలవాలని చూడకండి. మీరెంత వాదిస్తే అతని సమర్థనలకు అంత సాన పడుతుంది.

ఇక "సిగ్నల్లోనే కదా" అన్న మాట. బెంగళూరులో ఇది కొట్టిపారేసే మాట కాదు, నిజంగా జవాబు చెప్పాల్సిందే. ట్రాఫిక్ లెక్కలు తీసే టామ్‌టామ్ కంపెనీ 2024 నివేదికలో ఈ ఊళ్లో 10 కిలోమీటర్లకు సగటున 34 నిమిషాలు పట్టింది. టిన్ ఫ్యాక్టరీ నుంచి మహదేవపుర దాకా సాయంత్రం పూట ఒకసారి వెళ్లి చూడండి, మెట్రో పనుల బారికేడ్ల పక్కన బండి నడుస్తోందో నిలబడిందో తెలియదు. ఆ నిలబడిన సేపును కుర్రాళ్లు డ్రైవింగ్‌గా లెక్కేయరు. వాళ్ల దృష్టిలో అది వెయిటింగ్. వెయిటింగ్‌లో ఫోన్ చూడక ఏం చేస్తారు?

పక్క సీట్లో కూర్చుని నేను చాలాసార్లు చూసిన సంగతి చెబుతాను. ముందు బండి కదులుతుంది. మీవాడి వయసువాడు ఇంకా స్క్రీన్ మీదే ఉంటాడు. వెనకవాడు హారన్ కొడతాడు. హారన్ వినగానే ముందు లేచేది తల కాదు, బ్రేక్ మీద కాలు. ఆటోమేటిక్ కారైతే ఆ కాలు లేవగానే బండి దానంతటదే ముందుకు పాకుతుంది. ఆ తర్వాత తల లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఆ క్షణంలో మన కారుకూ ముందు కారుకూ మధ్యలోకి ఒక స్కూటర్ దూరి ఉంటుంది, లేదా బస్సు దిగినావిడ సంచీ పట్టుకుని దాటుతూ ఉంటుంది. ఈ ఊళ్లో ఖాళీ జాగా అంటూ ఉంటే దాన్లో ఎవరో ఒకరు ఉంటారు. తగిలితే బంపర్ గీతతో పోవచ్చు. తగిలింది ముసలావిడకైతే తుంటి ఎముక విరిగి మంచం పట్టొచ్చు.

ఫోన్ పక్కన పెట్టేశాక కూడా సంగతి అయిపోదు. అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ట్రిపుల్ ఏ (AAA) ఫౌండేషన్ తరఫున యూటా యూనివర్సిటీ వాళ్లు 2015లో ఒక పరీక్ష చేశారు. గొంతుతో ఫోన్‌కూ కారుకూ ఆదేశాలిచ్చే ఏర్పాట్లు ఉంటాయి కదా, అవి వాడటం ఆపేశాక కూడా డ్రైవర్ ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి కొన్నిటి విషయంలో 27 సెకన్ల దాకా పట్టింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 27 సెకన్లంటే 300 మీటర్లు. సిగ్నల్లో మేనేజర్ మెసేజ్ చదివి ఫోన్ పెట్టేసిన మీవాడు, తర్వాతి 300 మీటర్లు మేనేజర్‌తో మనసులో మాట్లాడుతూనే వెళ్తుంటాడు.

రాత్రి పది దాటాక రింగ్ రోడ్డు ఖాళీ అయినప్పుడు, ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద, పండక్కి చిక్కబళ్లాపురం మీదుగా అనంతపురం వెళ్లేటప్పుడు కథ వేరు. అమెరికాలోని వర్జీనియా టెక్ సంస్థ 2009లో బయటపెట్టిన అధ్యయనంలో లారీల్లో కెమెరాలు పెట్టి చూశారు. మెసేజ్ కొట్టే డ్రైవర్లకు ప్రమాదం, లేదా వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం ఎదురయ్యే అవకాశం 23 రెట్లు ఎక్కువ. అలాంటి ఘటనలకు ముందున్న ఆరు సెకన్లలో వాళ్ల కళ్లు సగటున 4.6 సెకన్లు రోడ్డు మీద లేవు. హైవే మీద 80లో వెళ్తుంటే ఆ 4.6 సెకన్లలో బండి నూరు మీటర్లు దాటిపోతుంది. దీన్ని బోర్డు మీద రాసి చూపిస్తే పిల్లలు తలూపుతారు గానీ లోపలికి ఎక్కదు. అందుకని నేను స్టీరింగ్ తీసుకుని వాళ్లను పక్క సీట్లో కూర్చోబెడతా. ట్రాఫిక్ తక్కువున్న రోడ్డు మీద నలభైలో వెళ్తూ "నేను చెప్పినప్పుడు కళ్లు మూసుకుని నాలుగు అంకెలు లెక్కపెట్టి తెరువు" అంటా. రెండు అంకెలకే తెరిచేస్తారు. నడిపేది నేనైనా సరే! "నువ్వు మెసేజ్ చదివేటప్పుడు ఇంతకంటే ఎక్కువసేపే రోడ్డు చూడవు" అంటే అప్పుడు కాసేపు మాట్లాడరు. మీ ఇంట్లోనూ ఇది చేయొచ్చు. నడిపేది మాత్రం వేరేవాళ్లై ఉండాలి, మీ అబ్బాయి పక్క సీట్లో ఉండాలి.

బ్లూటూత్ గురించి. కొనిపెట్టండి, పెద్ద నష్టం లేదు. చెవి దగ్గర ఫోన్ పట్టుకుని ఒంటి చేత్తో తిప్పడం కంటే నయమే. అంతమాత్రాన సమస్య తీరిందని నిద్రపోకండి. కెనడాలోని టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు తీసి, వాళ్ల ప్రమాదాల సమయాలతో సరిపోల్చిన అధ్యయనం 1997లోనే వచ్చింది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ప్రమాదం అవకాశం నాలుగు రెట్లు. చేతుల్లో పట్టుకోని ఫోన్లయినా తేడా కనపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ దాదాపు ఇదే చెబుతుంది. చేతులు ఖాళీగా ఉన్నా బుర్ర ఖాళీగా లేకపోవడమే కారణం.

దీన్ని కూడా నేను ఫోన్ లేకుండానే చూపిస్తా. మా బండికి నా వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. సందడి లేని లేఅవుట్ రోడ్డు, వేగం ఇరవై, ఇరవై అయిదు. స్టూడెంట్‌ను నడపనిచ్చి, "మీ అక్క పెళ్లికి అమ్మ తరఫు చుట్టాల్లో ఎవరెవర్ని పిలిచారో వరసగా చెప్పు" అంటా. చక్కగా చెబుతారు, స్టీరింగ్ కూడా చక్కగానే పట్టుకుంటారు. నేను చూసేది వాళ్ల కళ్లను. మాట మొదలైన కాసేపటికి అద్దాలు చూడటం ఆగిపోతుంది. చూపు రోడ్డు మధ్యలో ఒక్కచోట అతుక్కుపోతుంది. పెద్దమ్మ కొడుకుల దగ్గరికొచ్చేసరికి, అంటే ఎవరో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు, బండి వేగం కూడా తగ్గిపోతుంది. ఆపించి అడుగుతా: "ఇందాక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎడమవైపు ఏముంది?" నీళ్ల ట్యాంకర్ నిలబడి ఉంటుంది, దాని వెనకనుంచి సైకిల్ పిల్లాడు తొంగిచూస్తూ ఉంటాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, అటే చూశారు, ఏమీ కనపడలేదు. స్పీకర్‌లో మాట్లాడినా, బ్లూటూత్‌లో మాట్లాడినా జరిగేది ఇదే.

"మరి పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడితే?" అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. మంచి ప్రశ్నే. పక్కనున్న మనిషికి రోడ్డు కనపడుతుంది. బీఎంటీసీ బస్సు అడ్డంగా దూరితే మాట మధ్యలోనే ఆపేస్తారు, ఒక్కోసారి "చూసుకో!" అని అరుస్తారు కూడా. ఫోన్‌లో అవతలి మనిషికి ఆ బస్సు కనపడదు. వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, మీవాడు మాట్లాడకపోతే "హలో, వింటున్నావా?" అంటారు.

"నాకు కంట్రోల్ ఉంది" అన్న మాటకు యూటా వాళ్లే జవాబు కూడా చెప్పారు. 2010లో 200 మందిని సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టి చూస్తే, రెండు పనులు ఒకేసారి చేసినా ఏదీ దెబ్బతినని వాళ్లు 2.5 శాతం మందే తేలారు. అంటే నలభై మందిలో ఒకరు. 2013లో చేసిన ఇంకో అధ్యయనంలో, నడుపుతూ ఫోన్ ఎక్కువగా వాడేవాళ్లూ, "నేను మల్టీటాస్కింగ్‌లో దిట్ట" అనుకునేవాళ్లూ పరీక్షలో వెనకబడ్డవాళ్లలోనే ఎక్కువగా కనిపించారు. నా బ్యాచ్‌లో నలభై మంది ఉంటే ఆ ఒక్కరూ తామేనని నలభై మందీ నమ్ముతారు.

చట్టం మాట క్లుప్తంగా. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10,000 రూపాయలు. "మ్యాప్ చూస్తున్నా" అనే మీవాడి వాదనలో కొంత న్యాయం ఉంది. 2020 అక్టోబర్ 1 నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోవచ్చు, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా. స్టాండ్‌లో పెట్టి ఆ గొంతు చెప్పినట్టు తిరగడం వేరు, ఒళ్లో పెట్టుకుని రెండు వేళ్లతో మ్యాప్ పెద్దది చేసుకోవడం వేరు.

జరిమానాలతో కుర్రాళ్లు మారతారని నాకు పెద్ద నమ్మకం లేదు. జీతం బాగానే వస్తుంది, చలానాను పార్కింగ్ ఫీజులా కట్టేస్తారు. 2023 ఫిబ్రవరిలో పాత చలానాలన్నీ సగానికి కడితే చాలని ప్రభుత్వం తగ్గింపు ఇచ్చినప్పుడు జనం ఎగబడి కట్టారు. ఖజానాకు మంచిదే గానీ, "ఆగితే సగానికి వస్తుందిలే" అన్న పాఠం కూడా పిల్లలకు అందింది. వాళ్లు నిజంగా భయపడేది లైసెన్స్ పోతుందంటేనే. ఫోన్ వాడుతూ దొరికినవాళ్ల లైసెన్స్ కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. మూడు నెలలు కె.ఆర్.పురం నుంచి బెళ్లందూరుకు బస్సులో నిలబడి వెళ్లాలంటే ఆ మాట చెవికెక్కుతుంది. 2022 డిసెంబర్ నుంచి ఈ ఊళ్లో పెద్ద జంక్షన్ల దగ్గర నంబర్ ప్లేట్ చదివే కెమెరాలు పెట్టారు, పోలీసు కనపడలేదు కదా అనుకోవడానికీ లేదు.

ఒక అంకె కూడా చెప్పాలి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2021లో మొబైల్ వాడకం వల్ల దేశంలో 1,997 ప్రమాదాలు, 1,040 మరణాలు. అదే ఏడాది మొత్తం రోడ్డు మరణాలు 1,53,972. దీన్ని చూపించి "చూశారా, ఒక్క శాతం కూడా లేదు" అన్న కుర్రాళ్లున్నారు. గుద్దిన తర్వాత "నేను ఫోన్ చూస్తున్నా సార్" అని స్టేషన్‌లో ఎవడు చెబుతాడు? అతివేగం అనో నిర్లక్ష్యం అనో కాగితం మీదికి ఎక్కినవాటిలో ఫోన్‌వి ఎన్నున్నాయో అన్నది నా అనుమానం.

ఇప్పుడు మీకు కాస్త ఇబ్బందిగా అనిపించే సంగతి. మీవాడికి కారులో ఉండగా ఫోన్ చేసేదెవరు? క్లాసుల్లో ఫోన్లు తీయించి, ఆఫీసుకు వచ్చీపోయే సమయాల్లో ఎవరి కాల్స్ ఉన్నాయో చూడమంటా. స్నేహితులే ఎక్కువని అనుకుంటారు. చూస్తే అమ్మ, మేనేజర్. సాయంత్రం "బయల్దేరావా?", అరగంట ఆగి "ఎక్కడిదాకా వచ్చావ్?", ఇంకో పావుగంటకు "వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ పట్టుకురా". ఫోన్ ఎత్తకపోతే కంగారుపడి మళ్లీ మళ్లీ చేసేదీ అమ్మే. అతను కారులో ఉన్నాడని తెలిసి చేసిన ఫోన్‌ను అతను ఎత్తితే, ఇంట్లో దానికి అనుమతి ఉన్నట్టే కదా. రేపటి నుంచి ఆ టైంలో మీరు చేయకండి. పొరపాటున చేసినా, అతను ఎత్తినా, "నడుపుతున్నావా? అయితే పెట్టేస్తున్నా" అని మారుమాట లేకుండా కట్ చేయండి. నీతులు వద్దు, కట్ చేయడమే. నాలుగుసార్లు జరిగితే ఇంటి పద్ధతి ఇదని అర్థమైపోతుంది.

ఆఫీసుది ఇంకా మొండి వ్యవహారం. పొద్దున తొమ్మిదిన్నరకు టీమ్ కాల్, ఆ టైంకు సగం టీమ్ ఇబ్లూరు దగ్గరో మారతహళ్లి వంతెన మీదో ఉంటుంది. కెమెరా ఆఫ్, మ్యూట్, వంతు వచ్చినప్పుడు మాత్రం అన్‌మ్యూట్. సాయంత్రం అమెరికా వాళ్ల కాల్. కారు మీటింగ్ రూమ్ అయిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఒకామె ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కారు నడుపుతున్న వీడియో ఊరంతా తిరిగింది. ట్రాఫిక్ పోలీసులు ఆమెను పిలిపించి 1,000 రూపాయలు జరిమానా వేశారు, పని ఇంటి నుంచి చేసుకోండి, నడిపే కారులోంచి కాదని చురక కూడా వేశారు. అందరూ ఆమెను తిట్టారు. ఆ సమయానికి ఆమె లైన్‌లో ఉండాలని పట్టుబట్టే ఆఫీసు పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు బాధనిపించింది అదే. మీవాడిని తిట్టడం మాని, కాల్స్ ఏ టైంకు ఉంటాయో అడగండి. వీలైతే కాల్ ముగిశాక బయల్దేరడం, లేదా ముప్పావుగంట ముందే బయల్దేరి ఆఫీసు పార్కింగ్‌లో కూర్చుని కాల్ ఎత్తడం. దారిలో తప్పనిసరైతే ఏదో పెట్రోల్ బంకులోకి తిప్పి ఆపుకోవడం. "డ్రైవింగ్‌లో ఉన్నా, పదింటికి కలుస్తా" అని టీమ్‌లో ఒక్కరు ధైర్యంగా పెడితే, మర్నాడు ఇంకో ఇద్దరు పెడతారు.

మీవారి సంగతి ఒక్క మాటలో తేల్చేస్తా. ఆయన ఆపకుండా అబ్బాయి ఆపడు. చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చుని నాన్న మెడ మీద ఫోన్ నొక్కిపెట్టి మాట్లాడటం చూసిన పిల్లాడే మీవాడు.

ఫోన్ ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాత్రం పట్టుబట్టండి, అసలు పనంతా అక్కడే ఉంది. కుర్రాళ్లు ఎక్కువగా పెట్టేది తొడల మధ్య, లేదా గేర్ పక్కన కప్ హోల్డర్‌లో. రెండూ చెడ్డ చోట్లే. స్క్రీన్ వెలగగానే కన్ను కిందికి పోతుంది, అక్కణ్ణుంచి రోడ్డు అంచు కూడా కనపడదు. మ్యాప్ అక్కర్లేని రోజు, రోజూ వెళ్లే ఆఫీసుకు మ్యాప్ దేనికో నాకర్థం కాదు గానీ ట్రాఫిక్ చూసుకుంటామంటారు సరే, ఫోన్ బ్యాగులో, బ్యాగు వెనక సీట్లో ఉండాలి. మ్యాప్ కావాలంటే స్టీరింగ్‌కు ఎడమవైపు ఏసీ గాలి వచ్చే చోట బిగించే స్టాండ్‌లో పెట్టాలి. అద్దం మధ్యలో వేలాడదీస్తే రోడ్డుకే అడ్డం. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే దారి పెట్టుకోవడం, పాటలు పెట్టుకోవడం, సీటు బెల్టు పెట్టుకోవడం, ఈ మూడూ ఒకే వరసలో అయిపోవాలి. దారి మారాలంటే బండి ఆపాలి.

నోటిఫికేషన్ల కోసం ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్ ఉంది. 2017 నుంచీ ఏదో ఒక పేరుతో ఉంది, బండి కదిలితే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు, మామూలు మెసేజ్‌లకు "నడుపుతున్నా, దిగాక మాట్లాడతా" అని అదే జవాబు పంపుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ డ్రైవింగ్ మోడ్ ఉంటుంది. ఈ జవాబు వెళ్లడం చిన్న విషయంలా కనపడుతుంది గానీ కుర్రాళ్లకు అదే ముఖ్యం. వాళ్ల టెన్షన్ మెసేజ్ ఏమొచ్చిందని కాదు, జవాబివ్వకపోతే అవతలివాళ్లు ఏమనుకుంటారోనని. ఆ మాట ఫోనే చెప్పేస్తే సగం బరువు దిగిపోతుంది. ఐఫోన్ జవాబు వాట్సాప్‌కు వెళ్లదు, అక్కడ మాత్రం బయల్దేరే ముందు "గంటసేపు దొరకను" అని తనే ఒక ముక్క పెట్టుకోవాలి.

నలుగురు స్నేహితులు కలిసి నంది హిల్స్‌కో ఊరికో వెళ్లేటప్పుడు ముందు సీట్లో కూర్చున్నవాడిదే ఫోన్ డ్యూటీ. మ్యాప్, పాటలు, వచ్చే కాల్స్ అన్నీ వాడివే. డ్రైవర్ ఫోన్ వాడి చేతికి ఇచ్చేయాలి. తల్లిదండ్రులు చెబితే వినని పిల్లలు ఈ పద్ధతి మాత్రం ఇట్టే పట్టుకుంటారు, ఎందుకంటే దీన్లో ఎవరికీ చిన్నతనం లేదు.

మీవాడికి స్కూటర్ కూడా ఉంటే, హెల్మెట్‌లో ఫోన్ ఇరికించి మాట్లాడే అలవాటు ఉందేమో చూడండి. కారు తగిలితే రేకు నలుగుతుంది, స్కూటర్‌కు ఆ రేకు కూడా లేదు. 2022లో దేశంలో రోడ్డు మీద పోయినవాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే.

మాట్లాడాలనుకుంటే మాత్రం అతను నడుపుతున్నప్పుడు మాట్లాడకండి. అప్పుడు మీ క్లాసు కూడా అతనికి ఇంకో ఫోన్ కాలే. ఆదివారం టిఫిన్ దగ్గర, "మొన్న క్యాబ్‌వాణ్ణి ఎందుకు తిట్టావ్?" అని అడిగి ఊరుకోండి. తన నియమం తననే చెప్పమనండి. "సిగ్నల్లో కూడా ముట్టను" అని అనకపోవచ్చు, "హైవే మీద అస్సలు ముట్టను" అనవచ్చు. ముందు దాన్నే ఒప్పుకోండి. తను పెట్టుకున్న నియమాన్ని తను నిలబెట్టుకుంటాడు, మీరు పెట్టిందాన్ని మీరు దిగగానే వదిలేస్తాడు.

ట్రాకింగ్ యాప్ వద్దు. 23 ఏళ్లవాడి ఫోన్లో చాటుగా ఏదైనా పెడితే, బయటపడ్డ రోజున మీ మాటకు ఉన్న విలువ కూడా పోతుంది. మీకు కావలసింది ఎక్కడున్నాడో తెలియడమే కదా. దానికి బయల్దేరే ముందు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపమనండి. మీరు ఫోన్ చేయకుండానే చుక్క కదలడం చూసుకోవచ్చు. చుక్క ఒకేచోట ఆగిపోతే కంగారుపడకండి, అది ట్రాఫిక్. లైవ్ లొకేషన్ ఎంతసేపు పంపాలన్నదానికి పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు ఉంటాయి. సాయంత్రం బెళ్లందూరు నుంచి కె.ఆర్.పురానికి గంట నమ్ముకోలేం, ఎనిమిది గంటలదే నొక్కమనండి.